కిటికీ మీది గ్లాసు

బాన్సువాడ బస్టాండు ముందు చాయ్ హోటల్ బల్ల మీద నా పక్కన కూర్చున్నాయన, అమెరికాలో ఒక హోటల్ వంటింట్లో పనిచేసి వచ్చాడట. బిచ్కుంద బస్సు ఇంకా రాలేదు. నాకు నోరు ఊరుకోదు.

“అక్కడ షావుకారును పేరు పెట్టి పిలుస్తరంట, నిజమేనా అన్నా?”

“నిజమే తమ్మీ. గిన్నెలు తోమేటోని పక్కన్నే కూసొని తింటడు. కొత్తల నాకు ముద్ద దిగలే.”

“మా షావుకారు పక్కన కూసుంటే నా ప్లేటు గుడ ఖాళీ చేస్తడు,” అన్నాను. చాయ్ పోసే అక్క నవ్వింది, ఆయనా నవ్వాడు. ఆ ఊపులో, మా దగ్గర అందరం అడిగేదే అడిగాను. “ఇంతకు మీరేం కులపోళ్లన్నా?”

ఆయన నవ్వు ఆగింది.

“అక్కడ గా మాట ఎవ్వరడగలే. ఆఖరికి రూముల ఉండే మనోళ్లే అడిగిండ్రు. చెప్పిన. తెల్లారి చూస్తే నా గ్లాసొక్కటే కిటికీల ఉంది.”

ఇంతలో బస్సు వచ్చింది. ఆయన లేచి తన చాయ్ గ్లాసు తనే కడిగి, అటు చూడకుండానే చెయ్యి చాపి, హోటల్ కిటికీ గట్టు మీద బోర్లించి వెళ్లిపోయాడు.

అక్క ముఖం మారింది. “మా మామ ఉన్నప్పుడు కొందరి గ్లాసులు గాడనే వేరేగ పెడుతుండె. ఆయన పోయినంక నేనే తీసేసిన. గీయన ఎన్నడు రాలే, ఎట్ల తెలిసింది?”

గ్లాసు ఎత్తాను. కింద సిమెంటు మీద పాత గుండ్రటి మచ్చ, సరిగ్గా ఆ గ్లాసు మూతి అంత.

ఇప్పటికీ ఆ బల్ల మీద పక్కన కొత్తవాళ్లు కూర్చుంటే ఆ ప్రశ్న నాలుక మీదికి వస్తుంది. అప్పుడు కిటికీ వైపు చూస్తాను. అక్కడ గ్లాసు ఉండదు. మచ్చ మాత్రం తడిగా ఉంటుంది.