గేటు బయట కానిస్టేబుల్

మధ్యాహ్నం మొయినాబాద్‌లో మా గేటు ముందు ఒకాయన బైకు ఆపాడు. చేతిలో ఫైలు, ఒంటి మీద మామూలు చొక్కా. నా పాస్‌పోర్టు విచారణకు స్టేషన్ నుంచి వచ్చాడట. నా పేరు, మా నాన్న పేరు గడగడా చెప్పేసరికి నాకు అనుమానం ఇంకా పెరిగింది. ఐడీ కార్డు చూపించాడు. అలాంటివి ఏ జిరాక్స్ షాపులోనైనా చేసిస్తారని నేను గేటు తీయలేదు. ఈ ఏడాదే నాకు ఫోన్లో ఇద్దరు దొంగ పోలీసులు తగిలారు మరి. ఒకడు డీసీపీనన్నాడు, ఇంకొకడు ఏకంగా ఐజీనన్నాడు.

అరుగు మీద బైబిలు చదువుకుంటున్న మా నాయనమ్మ కళ్లజోడు తీసి ఆయన్ని అడిగింది.

"నువ్వు ఎస్సైవా, సీఐవా బిడ్డా?"

"కానిస్టేబుల్‌ని అవ్వా."

ఆమె నా వైపు తిరిగింది. "గేటు తియ్యిరా. దొంగోడైతే గంత చిన్న నౌకరి చెప్పుకుంటడా?"

ఆయన ముఖం చిన్నబోయింది. చాయ్ తాగి, నా సంతకం తీసుకుని, బైకెక్కుతూ అన్నాడు.

"ఇరవై ఏండ్ల సంది కానిస్టేబుల్‌నే అవ్వా. ఇప్పుడు హెడ్ కానిస్టేబుల్ లిస్టుల పేరొచ్చింది. మల్ల వస్తే గేటు తీస్తరా?"

"రా బిడ్డా," అన్నది నాయనమ్మ. "అప్పుడు మాత్రం కార్డు చూస్తం."

మీరైతే ఏ ర్యాంకు దాకా నమ్ముతారు?