నల్లగుడ్డ మీద తిస్వాహిన్

అమారా పట్టణంలోని ఆ వాడలో ఎవరైనా పోతే వీధి మలుపులో నల్లగుడ్డ కడతారు. పోయినవాడు మగవాడైతే అతని పేరు, తండ్రి పేరు, తాత పేరు, తెగ పేరు పసుపు అక్షరాల్లో వరసగా ఉంటాయి. పోయింది ఆడమనిషైతే ఫలానావాడి తల్లి, ఫలానావాడి భార్య అని రాసి ఊరుకుంటారు. ఆమెకొక పేరుండేదని ఆ గుడ్డ ఒప్పుకోదు. ఏ చట్టంలోనూ, ఏ పవిత్ర గ్రంథంలోనూ లేని ఈ నియమాన్ని వాడలో ఒక్కరూ తప్పకపోవడం లాయరు ఇబ్తిహాల్‌కు ఒళ్లు మండించేది. ఇప్పుడు ఆ గుడ్డ ఆమె ఇంటి ముంగిట్లోనే పరిచి ఉంది.

నానమ్మను పవిత్ర నగరం నజఫ్‌లో ఖననం చేసి మగవాళ్లు తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రం నుంచి మూడు రోజుల ఫాతిహా: వీధిలో వేసిన డేరాలో ప్రార్థన, పరామర్శకు వచ్చినవాళ్లకు కాఫీ. అక్షరాలు రాసే అబూ నూరీ గుడ్డ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఏం రాయాలో రాసిన కాగితం కోసం చేయి చాచాడు. ఇబ్తిహాల్ ఆ కాగితాన్ని తండ్రి కాదిమ్ చేతిలోంచి తీసుకుని చదివింది.

"దీన్లో పేరేది నాన్నా?"

"ఉందిగా. నా పేరు, మీ తాత పేరు."

"పోయింది నువ్వా, తాతా?"

గోడ వారన కాఫీ తాగుతున్న తెగ పెద్ద హాజీ మిజ్బాన్ గిన్నె కింద పెట్టాడు. "లాయరు చదువు కోర్టులో చూపించమ్మాయ్. వీధిన పోయే ప్రతివాడూ మీ నాన్న తల్లి పేరు చదవాలా? రేపు టీకొట్టు దగ్గర వీడు తలెత్తుకోగలడా?"

"మొహర్రం పది రోజులూ మైకులో ప్రవక్త మనవరాలు జైనబ్ పేరు చెప్పుకుని ఏడుస్తారుగా పెద్దయ్యా. అప్పుడు ఎవరి తల దిగింది?"

"వాళ్లు వేరు! వాళ్లతో మనకు పోలికేంటి?"

వంటింటి కిటికీలోంచి మేనత్త సబ్రియ్యా గొంతు వచ్చింది. "వాళ్లు వేరే సరే, మేం గేదెలమా హాజీ? గేదెలకైనా మా అమ్మ పేర్లు పెట్టేది. పేరు పెట్టి పిలవందే ఒక్కటీ పాలిచ్చేది కాదు."

నానమ్మ పేరు తిస్వాహిన్. రెల్లు మొలిచిన చిత్తడి నీళ్ల నడుమ, నాలుగో ఆడపిల్లగా పుట్టింది. పరామర్శకు వచ్చినట్టు వచ్చిన చుట్టాల మీద కోపంతో తండ్రి ఆ పేరు పెట్టాడు: వాళ్లందరికీ సాటి నువ్వొక్కతెవే అని దాని అర్థం. భర్త జబ్బార్ యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు, శవమూ రాలేదు. యుద్ధం రెల్లు గుడిసెల దాకా వచ్చినప్పుడు ఇద్దరు పిల్లలతో, నాలుగు గేదెలతో ఆమె అమారా శివారుకు చేరింది. తెల్లవారుజామున పళ్లెం నెత్తిన పెట్టుకుని వంతెన దగ్గరికి వెళ్లి గైమర్, అంటే గేదెపాల మీగడ, అమ్మేది. మిగిలిన పగలంతా, కనిపించకుండా పోయిన భర్త కోసం ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి నడిచేది. పదకొండేళ్లు నడిచింది.

"ఎవరి భార్యవి?" అని గుమాస్తా అడిగేవాడు.

"తిస్వాహిన్‌ని. ముందు అది రాయి, మిగతాది తరవాత చెప్తా."

ఆమెకు చదువు రాదు. అరబ్బీ లిపిలో తన పేరు రూపం మాత్రం తెలుసు: మొదట రెండు చుక్కలు, చివర గిన్నెలాంటి గీతలో ఒక చుక్క. ఆ చుక్కలు వేలితో తడిమి చూసుకోనిదే ఏ అర్జీ మీదా వేలిముద్ర వేసేది కాదు. తల్లి లేని ఇబ్తిహాల్‌కు న్యాయశాస్త్రంలో మొదటి పాఠం అదే. తరవాతి పాఠాలకు, కరెంటు పోయినప్పుడల్లా, నానమ్మ పుస్తకాల పక్కన కూర్చుని ఖర్జూరపాకుల విసనకర్రతో విసిరేది.

ఇబ్తిహాల్ మరణ ధ్రువపత్రం తెచ్చి తండ్రి ముందు పట్టుకుంది. "ప్రభుత్వానికి పేరు చెప్పావు. వీధికి చెప్పవా?"

"నేను చెప్పలేదు," అన్నాడు కాదిమ్ నెమ్మదిగా. "ఆమె గుర్తింపు కార్డు చేతికిచ్చాను. చూసి రాసుకున్నారు."

యాభై ఏళ్లు దాటిన మనిషి నలుగురు మగవాళ్ల ముందు తల్లి పేరు ఒక్కసారీ నోటితో పలకలేదు! ఇబ్తిహాల్ ఇక వాదించలేదు. వెళ్లి నల్లగుడ్డ నడిమధ్యన బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"వంతెన దగ్గర 'కాదిమ్ తల్లి' అంటే ఒక్కరికీ తెలీదు. వాళ్లకు తెలిసింది తిస్వాహిన్. ఆ పేరు రాసేదాకా లేవను."

"లేవకు," అన్నాడు హాజీ మిజ్బాన్. "కాదిమ్, విను. ఆ పేరు గోడెక్కితే మావాళ్లెవరూ నీ డేరాలో అడుగు పెట్టరు. మూడు రోజులూ నీ కాఫీ నువ్వే తాగు."

"ఏదో ఒకటి తేల్చండయ్యా, రంగు ఎండిపోతోంది," అన్నాడు అబూ నూరీ. "నలభై ఏళ్లలో ఆడమనిషి పేరు రాసింది లేదు. ఆమె మీగడ తినకుండా కుంచె పట్టిందీ లేదు."

కాదిమ్ కూతురి వైపు కాక వీధి వైపు చూశాడు.

"నాకు పదేళ్లప్పుడు బడిలో ఒకడు అమ్మ పేరు కనిపెట్టి అరిచాడు. వాడి పన్ను విరగ్గొట్టాను. హెడ్మాస్టరు అమ్మను పిలిపించాడు. పళ్లెం నెత్తినుండగానే వచ్చి తరగతి గుమ్మంలో నిలబడింది. 'నా పేరు తిస్వాహిన్. అరవాలనుకున్నవాళ్లు ఇప్పుడే అరవండి, నాకు మళ్లీ తీరదు' అంది."

"అరిచారా?" అంది కిటికీలోంచి సబ్రియ్యా, తెలిసి కూడా.

"ఒక్కడూ నోరెత్తలేదు. ఇంటికెళ్లేటప్పుడు ఆమె ఈ పక్క, నేను ఆ పక్క నడిచాను, ఎవరో తెలియనట్టు. మూడు రోజులు మాట్లాడలేదు. అమ్మ ఒక్క మాట అనలేదు. మూడు పూటలా అన్నం మాత్రం పెట్టింది."

అతను అబూ నూరీ వైపు తిరిగాడు. "రాయి."

"ఏమని?"

"నీకు తెలుసుగా."

"తెలిసినవన్నీ రాస్తే నా చెయ్యి నరుకుతారు. కొడుకువి, నువ్వు చెప్పాలి."

కాదిమ్ గొంతు సవరించుకున్నాడు. మొదటిసారి మాట పెగల్లేదు. రెండోసారి వచ్చింది.

"తిస్వాహిన్."

హాజీ మిజ్బాన్ దుప్పటి భుజాన వేసుకుని లేచాడు. అతనితో మరో ఇద్దరు లేచారు. కాదిమ్ గుమ్మం దాకా సాగనంపాడు కానీ ఆగమనలేదు. ఇబ్తిహాల్ గుడ్డ మీద నుంచి లేచి, దాని అంచు కదలకుండా రెండు చేతులతో అదిమి పట్టింది. అబూ నూరీ మొదట రెండు చుక్కలు పెట్టాడు. చివరి అక్షరానికి గిన్నె గీసి, అందులో ఒక చుక్క పెట్టాడు. దాని కింద, చిన్న అక్షరాల్లో, కాదిమ్ తల్లి, సబ్రియ్యా తల్లి, ఇబ్తిహాల్ నానమ్మ.

సాయంత్రానికి డేరాలో సగం కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. వీధి మలుపులో, వంతెన వైపు నుంచి వచ్చిన ముసలామె ఒకతె ఖాళీ పళ్లెం చంకన పెట్టుకుని గుడ్డ కింద ఆగింది. ఆమెకు చదువు రాదు.

"ఎవరు నాయనా పోయింది?"

డేరా ముందు నిలబడ్డ కాదిమ్ ఈసారి గొంతు సవరించుకోలేదు.