దూరే చోటు

అప్పట్లో గుంటూరులో పెంచుకునే ఉప్పునీటి చేపలు దొరికేవి కావు. మా చిన్న అద్దాల తొట్టిలో పగడాల జోలికి పోనిది, తోటి చేపలతో పోట్లాడనిది కావాలని నెలల తరబడి వాకబు చేసి, చెన్నైలో రాస్ అనే వేలెడంత పసుపుపచ్చ సముద్రపు చేపను కొన్నాను. రైలు ఒంగోలు దాటాక అది నీళ్ల కవర్లో పక్కకు ఒరిగి, మూతితో అడుగును పొడవసాగింది.

"చచ్చిపోతోందేమో" అన్నాను.

ఎదుట, జీడిపిక్కలు ఒలిచి వేళ్లు నల్లబడిన ఒకామె వంగి చూసింది.

"భయపడతందండి. దూరటానికి చోటు చూసుకుంటంది. మా ఒడ్డున పీతలూ ఇంతే. మీ ఇంటికాడ ఇసకుందా?"

లేదు. కడగడం తేలికని తొట్టి అడుగున ఉత్త అద్దమే ఉంచాను. కొట్లో అన్నీ అడిగాను, అదెక్కడ పడుకుంటుందని మాత్రం అడగలేదు.

ఆమె కవర్ని కొంగుతో కప్పి, చీరాలలో దిగేదాకా అరచేతులు తీయలేదు.

ఇంటికి రాగానే, పక్కన కడుతున్న ఇంటి దగ్గర్నుంచి దోసెడు ఇసుక తెచ్చి, కడిగి, గిన్నెలో పోసి తొట్టిలో పెట్టాను. చేప అందులో దూరింది. మళ్లీ కనిపించలేదు. తవ్వి చూద్దామని రోజూ చెయ్యి పెట్టేవాణ్ణి. ఆ నల్లటి వేళ్లు గుర్తొచ్చి తీసేసేవాణ్ణి.

నాలుగోరోజు పొద్దున ఇసుకలోంచి రెండు కళ్లు నన్ను చూస్తున్నాయి.