క్లీనర్ సైడు అల

మా స్వప్న ఫోన్ చేసి, "కాకా, అల మురికిగ ఒస్తుంది" అంది. దిల్‌సుఖ్‌నగర్‌లో నా టైర్ల దుకాణం షట్టర్ దించుతూ, "సాగర్ నీళ్ళల్ల మురికేందే, అదేమన్న మూసీయా?" అన్నాను. నీళ్ళ సంగతి కాదట. అల ఒళ్ళు గాజులా నున్నగా లేవాల్సింది, పైనంతా తెల్లటి నురుగై విరిగిపోతోందట, తను దాని మీద నిలవలేక పడిపోతోందట. ఈ ప్రయాణం అక్కడ మొదలైంది.

స్వప్న పోచంపల్లి నేత కుటుంబంలో పుట్టింది, నా స్నేహితుడి కూతురు. చీరల షాపు తమ్ముడికి అప్పజెప్పి, ఒక పాత మోటారు పడవ కొని, నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌లో వేక్‌సర్ఫింగ్ నేర్పుతానని బయల్దేరింది. అంటే కదిలే పడవ వెనక లేచే అల మీద పలకేసుకుని నిలబడి, తాడు వదిలేసి జారడం. పడవ దిగే రేవు సుభద్రగారిది. ఆవిడ గుంటూరు నుంచి వచ్చి ఆ ఒడ్డున మెస్ నడుపుతున్నారు. శనివారం మధ్యాహ్నం పన్నెండులోపు అల మీద జారి చూపించకపోతే రేవు వేరేవాళ్ళకు ఇచ్చేస్తానన్నారట. మరో రేవు దొరికే ఆశ లేదు. రేవు పోతే స్వప్న పడవ అమ్ముకోవాల్సిందే.

శనివారం తెల్లవారుజామున ఐదున్నరకు ఎల్బీనగర్ చౌరస్తాలో యాదగిరి కారుతో ఎదురొచ్చాడు. ఇరవై ఏళ్ళు లారీ తోలినవాడు, ఇప్పుడు లైసెన్స్ తీసుకుని స్వప్న పడవ నడుపుతున్నాడు. పదిహేను రూపాయల చాయ్ తాగి సాగర్ రోడ్డెక్కాం. ఇబ్రహీంపట్నం దాటేదాకా లారీల మధ్యే పాకాం, మాల్ అనే ఊరు దాటాక రోడ్డు మనదే. ఆగుతూ పోతే మూడు గంటలు, డీజిల్ రానుపోను మూడు వేలు. దేవరకొండ బస్సులో వస్తే చాలా చౌక, కానీ దిగాక ఆటో కోసం పడిగాపులు తప్పవు. మల్లేపల్లిలో ఇడ్లీ తిన్నాం. అక్కడి పల్లిచట్నీ గురించి రెండు పేజీలు రాయగలను గాని, మీకు పన్నెండు గంటల గడువు గుర్తుంది కదా.

ఎనిమిదీ నలభైకి రేవు చేరాం. పడవలో నాలుగు పెద్ద నీళ్ళ సంచులున్నాయి. పంపుతో నింపితే ఒక్కొక్కటి ఇద్దరు మనుషుల బరువు తూగుతుంది. ఈ బరువుతోనే పడవను ఒక పక్కకు ఒంచి అల లేపాలి. చూస్తే నాలుగూ ఎడమ పక్కనే, వెనక మూలకు కుక్కి ఉన్నాయి.

"ఎవరు పెట్టిన్రు ఇట్ల?"

"నువ్వే చెప్తివి గదనే అన్నా!" అన్నాడు యాదగిరి. "'క్లీనర్ అల కావాల్నంటే బరువు జరపాలె' అన్నవ్. జరిపిన. క్లీనర్ సైడుకు."

తప్పు నాదే. నేను బడిలో చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుకున్నవాణ్ణి. పడవతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని స్వప్న నాకే ఇచ్చింది. అందులో 'క్లీనర్ వేవ్', అంటే నురుగు లేని శుభ్రమైన అల, అన్న మాటను స్వప్న మొరపెట్టిన రోజే యాదగిరికి ఫోన్‌లో అట్లాగే అప్పజెప్పాను. లారీ మనిషికి డ్రైవర్ కూర్చునేది కుడి, క్లీనర్ కూర్చునేది ఎడమ. వాడికి క్లీనర్ అంటే ఇంకో అర్థం ఎందుకు తోస్తుంది?

అయినా ఎడమకు ఒంగిన పడవకు ఎడమ పక్కన అల లేవాలి, లేస్తోంది కూడా. మరి స్వప్న ఎందుకు పడిపోతోంది? పలక మీద నిలబడి చూపించమన్నాను. కుడి కాలు ముందు పెట్టింది. పుస్తకంలోని బొమ్మల్లో అందరిదీ ఎడమ కాలే ముందు.

"ఎడమ కాలు ముందుకు రాదా నీకు?"

"కొత్త పని కుడికాలు పెట్టి మొదలువెట్టాలె అని నాయనమ్మ చెప్పేది కాకా. ఇప్పుడు మార్చమంటే బోర్ల పడుత."

కుడి కాలు ముందుంటే కుడి పక్క అల కావాలి. అప్పుడే మనిషి అలకు ముఖం పెట్టి నిలబడుతుంది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల ఎడమ అలకు వీపు చూపి జారింది. కుడి పక్కకు పోతే అక్కడ ఒట్టి నురుగే.

సంచులు ఖాళీ చేసి, కుడికి జరిపి, మళ్ళీ నింపేసరికి పదిన్నర. పడవ వెనక అంచున చెరో పక్క ఒక రేకుంటుంది. అల ఎటు కావాలో దానికి ఎదుటి పక్క రేకు దించాలి, కాబట్టి ఎడమది దించాం. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో వెళితే అల లేచింది గానీ, నెత్తి మీద నురుగు పోలేదు. పద్దెనిమిదికి పెంచితే సగం తగ్గింది. పడవ ముక్కు గాల్లో, తోక నీళ్ళల్లో ఉంది. ముందు బరువు చాలలేదు. టైం పదకొండూ నలభై. మళ్ళీ సంచులు మార్చే వ్యవధి లేదు.

ఒడ్డున సుభద్రగారు గడియారం చూసుకుంటున్నారు.

"అమ్మా, ఇక్కడ్నించి ఏం కనిపిస్తది? పడవెక్కి ముందు సీట్ల కూసోండి," అన్నాను.

"నన్నెందుకండీ ముందు కూర్చోమనడం?"

"అక్కా, మీ బరువెంతో..." అని యాదగిరి నోరు తెరిచాడు.

"అడిగావంటే రేపట్నుంచి నీకు పులుసు పొయ్యను!" అని కసిరి, ఎక్కి కూర్చున్నారావిడ. తోడుకు గిన్నెలు తోమే మంగమ్మను కూడా ఎక్కించారు.

పడవ ముక్కు జానెడు దిగింది. యాదగిరి పద్దెనిమిది దగ్గర పట్టాడు. వెనక్కి చూస్తున్న నా కళ్ళ ముందు పడవకు కుడి పక్కన అల పొడుగ్గా, పచ్చగా, చుక్క నురుగు లేకుండా లేచి నిలబడింది. స్వప్న తాడు పట్టుకుని లేచింది. అల ఒళ్ళోకి జారింది. తాడు పడవలోకి విసిరేసింది.

ఎవరూ లాగడం లేదు. అయినా వస్తోంది. "అగో, వదిలేసింది! వదిలేసిందే!" అని అరిచాను. సుభద్రగారు ముందు సీటు దిగకుండానే చప్పట్లు కొట్టారు. అవతలి కొండ దాకా పడిపోకుండా వచ్చింది. పడవెక్కి రొప్పుతూ, "అయితదా అమ్మా?" అని ఆవిడనే అడిగింది.

"రేవు నీదేలే. కానీ రోజూ నన్ను ఎక్కించుకుంటానంటే కుదరదమ్మాయ్, నా బరువుకు సరిపడా సంచి నువ్వు కొనుక్కో."

తిరుగు దారిలో మాల్ దగ్గర చాయ్‌కి ఆగితే, అల తానే లేపానని యాదగిరి హోటల్ మనిషికి చెబుతున్నాడు. నేను అడ్డు చెప్పలేదు. చూపించడానికి ఆ అల ఇప్పుడు ఎక్కడుంది గనక? మేం దాటగానే నీళ్ళు చదునైపోయాయి. మిగిలిందల్లా ఒక మనిషి దాని మీద నిలబడిందన్న మాటే. ఆ మాటలో నా వంతు తప్పూ ఉంది, నా వంతు దిద్దుబాటూ ఉంది. ఈ వయసులో అంతకంటే కావాల్సిందేమీ లేదనిపించింది.

మీరు వెళ్ళేట్టయితే ఒక్క పని చేయండి. ఇంటి దగ్గరే కళ్ళు మూసుకుని నిలబడి, ఎవరినైనా వెనక నుంచి మెల్లగా నెట్టమనండి. ఏ కాలు ముందు పడుతుందో అదే పలక మీద మీ ముందు కాలు. బయల్దేరే ముందే ఫోన్ చేసి ఆ సంగతి చెబితే, మీరు రేవు చేరేసరికి సంచులు సరైన పక్కన నిండి ఉంటాయి.