కింద అర గంట పైన అర గంట

మా పెద్దమ్మ ముప్పై ఒక్క ఏళ్ళు తంతి ఆఫీసు కౌంటరులో పనిచేసింది. జనం ఏడుస్తూనో నవ్వుతూనో వచ్చి పేజీడు రాసిచ్చేవారు. తంతికి మాటకింత అని ఖర్చు కాబట్టి, ఆమె కలం తీసుకుని అక్కర్లేనివన్నీ కొట్టేసి, ఆరేడు మాటలు మిగిల్చేది. కామాలూ చుక్కలూ ఆమె లెక్కలో దండగ. పెళ్ళయిన కొత్తలో పెదనాన్న స్నేహితులు "తంతి ఆఫీసు పిల్లరా, జాగ్రత్త, తంతుంది" అని ఆటపట్టించేవారట. పాపం, ఆమె ఎవర్నీ తన్నలేదు. మాట్లాడనూ లేదు. "తిన్నావా", "వద్దు", "పడుకో", ఈ మూడింటితో పిల్లల్ని పెంచేసింది.

ఆ మనిషికి ఉన్న పిచ్చి ఒక్కటే, క్రిస్మస్ కేకులు. ఆఫీసులోనో ఇరుగుపొరుగులోనో ఎవరు ఏ పద్ధతి చెప్పినా ఇంటికొచ్చి చేసి చూసేది. చూసి, నల్ల అట్ట నోటుపుస్తకంలో తీర్పు రాసేది. పోస్టుమాస్టరు గారి భార్య చెప్పినదాని కింద "చేశాను పొడి" అని ఉంటుంది. పక్కింటి నర్సు చెప్పినదాని కింద "రెండుసార్లు చేశాను వద్దు" అని ఉంటుంది. మొత్తం పదిహేడు కేకుల్లో నాలుగింటికే "నమ్మొచ్చు" అన్న మాట పడింది. పెద్దమ్మ చేతి నుంచి అంతకు మించిన పొగడ్త రాదు. తనకే ఇంతవరకూ దక్కలేదని పెదనాన్న వాపోతుంటాడు.

ఆ నాలుగింటిలో మొదటిదే మా కొంప ముంచింది.

తొమ్మిదేళ్ళ క్రితం క్రిస్మస్‌కి మా అమ్మ, అంటే పెద్దమ్మ సొంత చెల్లెలు, మా మేనత్తనీ ఆమె వైపు వాళ్ళనీ భోజనానికి పిలిచింది. ఆడపడుచు ముందు తలెత్తుకోవాలని అక్క దగ్గర ఆ నమ్మకమైన కేకు పద్ధతి రాయించుకుంది. పెద్దమ్మ ఒక కార్డు మీద రాసిచ్చింది. అమ్మ ఉన్నది ఉన్నట్టు చేసింది. పైకి చూస్తే కేకు ముచ్చటగా ఉంది. కత్తి దించితే మధ్యలోంచి పచ్చిపిండి జారి బల్లమీదికొచ్చింది. "ఇది తినాలా వదినా, తాగాలా" అంది మేనత్త. అందరూ నవ్వారు. ఆ భోజనానికే వచ్చిన పెద్దమ్మ కేకుని వేలితో నొక్కి చూసి "తక్కువైంది" అంది.

అంతే. ఏం తక్కువైందో చెప్పదు. అమ్మకి మాత్రం తన పుట్టుకే తక్కువైనట్టు వినపడింది. "కావాలని తప్పు రాసిచ్చి, నలుగురిలో నన్ను తక్కువ చేసింది" అని ఆ రోజు నుంచి అక్కతో మాట మానేసింది. పెద్దమ్మ సంజాయిషీ చెప్పుకునే రకమా? ఆమె కూడా మానేసింది. రెండు ఇళ్ళకీ మధ్య దూరం రెండే వీధులు. కూరగాయల కొట్టులో ఎదురుపడితే ఒకరు టమాటాల వైపూ ఇంకొకరు బంగాళాదుంపల వైపూ తిరిగేవారు. మధ్యలో నేను సంచి పట్టుకుని పిచ్చిదానిలా నిలబడేదాన్ని.

ఈ ఏడాది జూన్‌లో పెద్దమ్మకి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ రెండు నెలల్లో స్వాధీనంలోకి వచ్చాయి గానీ, మాట తప్పిపోయింది. ఒకటి అనబోయి ఇంకొకటి అంటుంది. చెంచా కావాలంటే "కిటికీ" అంటుంది. నీళ్ళు కావాలన్నా కిటికీయే. మాట బాగుపడవచ్చు, పడకపోనూ వచ్చు, మీరు మాత్రం ఆమెతో మాట్లాడుతూ ఉండండి అన్నాడు డాక్టరు. అమ్మ ఆసుపత్రికి వచ్చింది. వచ్చి, వరండాలోనే పెదనాన్న చేతికి పళ్ళ సంచి ఇచ్చి, మంచం దాకా రాకుండా వెళ్ళిపోయింది. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో భయం కూడా ఉంది. వీళ్ళిద్దరూ ఇక ఈ జన్మకి మాట్లాడుకోరేమోనని.

"అసలు తప్పు రాసిచ్చిందో లేదో నేనే తేలుస్తాను" అన్నాను. అమ్మ బీరువా తెరిచి కార్డు తీసి ఇచ్చింది. తొమ్మిదేళ్ళుగా కోర్టు సాక్ష్యంలా దాచింది మహాతల్లి.

డిసెంబరు మొదటి ఆదివారం ఉదయం పెద్దమ్మ వంటింట్లో కార్డునీ నోటుపుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చదివాను. ఎండుద్రాక్ష, ఖర్జూరం, నారింజ తొక్క, మాడ్చిన చక్కెర, వెన్న, ఆరు గుడ్లు. అక్షరం పొల్లుపోలేదు. ఆఖరి వరస కూడా అదే. "కింద అర గంట పైన అర గంట దించు."

సరే, కార్డులో తప్పు లేదు, అమ్మే ఏదో తగలేసింది అనుకుని అదే పద్ధతిలో కేకు చేశాను. ఓవెన్‌లో అరగంట కింద పెట్టాను, అరగంట పైన పెట్టాను, దించాను. కోస్తే మధ్యలో పచ్చిపిండి.

నాకు బుర్ర పనిచేయలేదు. చెల్లెలికి తప్పు రాసిచ్చిందంటే అదొక అర్థం. సొంత పుస్తకంలో తనకు తానే తప్పు రాసుకునే మనిషి ఉంటుందా? మరి ఇన్నేళ్ళూ మేం తిన్న కేకులు ఎలా కాలాయి? పెదనాన్నని అడిగితే "నాకు తినడం వరకే తెలుసమ్మా" అన్నాడు. గుడ్లు చిన్నవేమో అనుకున్నాను. పిండి పాతదేమో అనుకున్నాను. ఓవెన్ ముసలిదైందేమోనని దాని మీద కూడా నింద వేశాను. మరుసటి ఆదివారం అన్నీ కొత్తవి తెచ్చి మళ్ళీ చేశాను. మళ్ళీ అదే పిండి. తల ప్రాణం తోకకొచ్చింది.

గిన్నె పట్టుకుని వెళ్ళి, ముందు గదిలో కుర్చీలో ఉన్న పెద్దమ్మకే చూపించాను.

"పెద్దమ్మా, ఇది ఎందుకు కాలట్లేదు? ఎంతసేపు ఉంచాలి?"

ఆమె వేలితో నొక్కి చూసింది. "అర" అంది.

"అరగంటే కదా. అలాగే ఉంచాను."

తల అడ్డంగా ఊపింది. "అర. అర."

"అదే నేనూ అంటున్నా. కింద ఒక అర, పైన ఒక అర. మొత్తం గంట."

అవునంది. వెంటనే కాదంది. నాకు విసుగొచ్చి గొంతు పెరిగింది. "అవునా, కాదా? ఒకటి చెప్పు పెద్దమ్మా."

ఆమెకీ కోపం వచ్చింది. కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుంటూ వంటింట్లోకి నడిచింది. ఓవెన్ తలుపు తెరిచి, లోపల కింది వరస మీద అరచేత్తో ఒక్కటి వేసింది. "అర" అంది. గోడ గడియారం చూపించి "కిటికీ" అంది, ఒక వేలు నిలబెట్టింది. పై వరస మీద ఇంకొకటి వేసింది. "అర." మళ్ళీ గడియారం. మళ్ళీ ఒకే వేలు.

అప్పటికి గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. అర అంటే సగం కాదు. బీరువాకి ఉండే అర. కింద అర, గంట. పైన అర, గంట. మొత్తం రెండు గంటలు కాలాల్సిన కేకుని అమ్మా నేనూ ఒక్క గంటకే దించేశాం. ఆ రోజు పెద్దమ్మ తక్కువైందన్నది కాల్చిన సేపు.

"ఒక్క కామా పెడితే నీ సొమ్మేం పోయేది పెద్దమ్మా?" అన్నాను. ఏడుపొచ్చేసింది. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి "పడుకో" అంది. తిట్టిందో ఓదార్చిందో తెలియలేదు.

నేరుగా ఇంటికి వెళ్ళి, కార్డు మీద కలంతో రెండు కామాలు పెట్టి అమ్మకిచ్చాను. అమ్మ కామాలతో ఒకసారి చదివింది. వేలితో వాటిని మూసి ఇంకోసారి చదివింది.

"ఒక్క మాట అడగాల్సింది నేను" అంది చివరికి. చెప్పులు వేసుకుంది.

దారంతా ఏదో గొణుక్కుంటూనే నడిచింది. ఎలా మొదలుపెట్టాలో, ఏం చెప్పాలో అన్నీ సిద్ధం చేసుకుంటున్నట్టుంది. తీరా పెద్దమ్మ ఎదురుగా కూర్చున్నాక అవేవీ నోటికి రాలేదు.

"అక్కా, నువ్వు సరిగ్గానే రాశావు. తప్పు చదివింది నేనే."

పెద్దమ్మ ఆమెనే చూసింది. పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"నేనే" అంది పెద్దమ్మ.

అమ్మ ఆమె ఒళ్ళో తల పెట్టుకుని భోరుమని ఏడ్చింది. పెద్దమ్మ ఆ తల నిమురుతూ "నేనే, నేనే" అంటూనే ఉంది.

నాకేమో మనసులో పీకులాట. ఇలాంటి రోగులు ఎదుటివాళ్ళ చివరి మాటనే పట్టుకుని తిరిగి అంటుంటారని డాక్టరు నాతో చెప్పాడు. పెద్దమ్మ తప్పు తనదంటోందా, అమ్మ మాటని ఊరికే అప్పజెబుతోందా? ఆ ముఖంలో ఎంత వెతికినా నాకు అంతుపట్టలేదు. నోరు ఊరుకోదు కదా, తిరిగి వచ్చేటప్పుడు ఆ సంగతి అమ్మతో అనేశాను.

"అమ్మా, పెద్దమ్మ నీ మాటే మళ్ళీ అందేమో. తనది కాదేమో."

అమ్మ పది అడుగులు అలాగే నడిచింది.

"అయితే రేపు వెళ్ళి ఇంకో మాట అంటాను" అంది.