నేనూ మావయ్యా ఒకే పక్షమైన రోజు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు లోకంలో రెండే రకాల మనుషులు కనిపించేవారు. నాతో ఏకీభవించేవాళ్ళు, ఇంకా నా ప్రసంగం విననివాళ్ళు. మూడో రకం కూడా ఉంటారని, వాళ్ళు నేను చెప్పిందంతా శ్రద్ధగా విని, చప్పట్లు కూడా కొట్టి, "బాగా చెప్పేవమ్మా, కానీ నువ్వు చెప్పింది తప్పు" అంటారని, అలాంటి ఒకరింట్లోనే నేను రెండు పూటలా భోజనం చేస్తున్నానని అప్పటికి నాకు తట్టలేదు. ఎంసీఏ అయిపోయిన వెంటనే అమలాపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్‌గా చేరేను. మాది రాజోలు అవతల. రోజూ బస్సుల్లో పడి తిరగలేనని మా అమ్మ నన్ను ఐనవిల్లి దారిలో ఉన్న తన అన్నయ్య ఇంట్లో దింపి వెళ్ళింది. మావయ్య హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యేరు. చర్చిలో సంఘ పెద్ద. ఊరందరికీ మాస్టారు. అత్తయ్య ఎలిమెంటరీ స్కూల్లో ఇంకా పాఠాలు చెబుతూనే ఉండేది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు బుల్లి అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసి, ఫలితాల కోసం ఎదురుచూస్తూ, డాబా మీద మామిడి తాండ్రకి కాకులు తోలుతూ ఉండేది.

ఆ వేసవిలో మా కాలేజీ వాళ్ళు 'చదువులో, రాజకీయాల్లో, టెక్నాలజీలో ఆడపిల్లలు ముందుకు' అని ఒక ప్రచారం తలపెట్టేరు. బాధ్యత నాకప్పగిస్తూ మా ప్రిన్సిపాల్ గారు, "మీరు కొత్తగా వచ్చేరు కదండీ, ఓపికుంటుంది" అన్నారు. నేను దాన్ని నా ప్రతిభకు గుర్తింపు అనుకున్నాను. (ఓపిక అనే మాటకి అర్థం ఆదివారాలు కూడా పనిచేయడమని తరవాత తెలిసింది.) పోస్టర్లు నేనే రాసేను, నేనే అచ్చు వేయించేను, మా స్టూడెంట్లకిచ్చి చుట్టుపక్కల ఊళ్ళన్నీ అంటించమన్నాను. వాళ్ళు చాలా బుద్ధిమంతులు. ఎక్కడా ఖాళీ గోడ వదల్లేదు. ఈస్టరుకని కొత్తగా సున్నం వేయించిన మా మావయ్య ప్రహరీగోడ కూడా వదల్లేదు.

పొద్దున్నే పాలు తేవడానికి బయటికెళ్ళిన మావయ్య తన గోడ మీద 'ఆడపిల్లల్ని అణగదొక్కే తండ్రులారా, ఇకనైనా మేల్కొనండి!' అని చదువుకున్నారు. లోపలికొచ్చి, పాలగిన్నె బల్ల మీద పెట్టి, నెమ్మదిగా అడిగేరు.

"అమ్మడూ, నేను రోజూ ఎన్నింటికి లేస్తానో తెలుసా నీకు?"

"నాలుగున్నరకండి."

"ఇంకెప్పుడు మేల్కోమంటావు?"

నేను నవ్వేను. ఆయన నవ్వలేదు. ఆ ఊళ్ళో చదువుకున్న ఆడవాళ్ళలో సగం మంది ఆయన చేతికింద చదివినవాళ్ళే. ఆయన తల్లి, అంటే మా అమ్మమ్మ, మిషను బడిలో చదివి టీచరమ్మ అయింది. కూలికెళ్ళే ఇళ్ళ నుంచి ఆడపిల్లల్ని చెయ్యి పట్టుకుని బడికి తీసుకొచ్చిన మనిషి. అత్తయ్య టీచరు. మా అమ్మ టీచరు. "మూడు తరాల నుంచి మా ఇంట్లో ఆడవాళ్ళు సంతకం పెట్టి జీతం తీసుకుంటున్నారు. ఇవాళ నువ్వొచ్చి నన్ను మేల్కొలపాలా?" అన్నారు. నిజానికి ఆయనకి నొప్పి తగిలిందని నాకర్థం కావలసింది. నాకు మాత్రం, 'ఆహా, వ్యతిరేకత మొదలైంది, ఉద్యమం అంటే ఇదే' అని లోపల్లోపల సంబరంగా ఉంది.

అసలు గొడవ బుల్లి గురించి. ఆ పిల్లని పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమాకి పంపాలని నేను ఎప్పుడో తీర్మానించేశాను. ఇంటర్ చదివించి, టీచర్ ట్రైనింగ్ ఇప్పించాలని ఆయన అంతకంటే ముందే తీర్మానించేశారు. "కంప్యూటర్లు ఇవాళ వచ్చేయి, రేపు ఇంకోటొస్తుంది. బడి ఎక్కడికీ పోదు. ఆడపిల్లకి టీచరు ఉద్యోగం లాంటిది లేదు" అని ఆయన. "ఆడపిల్లకి, ఆడపిల్లకి అని ఎందుకంటారండీ ప్రతిదానికీ?" అని నేను. ఇలా నాలుగు పూటలు నడిచేక, వచ్చే ఆదివారం నేను మీటింగు పెడుతున్నానని తెలిసి, ఆయన కూడా అదే ఆదివారం మీటింగు పెడుతున్నట్టు ప్రకటించేరు. విషయం: 'ప్రచారాల పేరుతో ఇళ్ళల్లో పెడుతున్న చిచ్చు'.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొచ్చేది ఏంటంటే, ఆయన కరపత్రం టైపు చేసింది నేనే. ఆయనకి కంప్యూటర్ రాదు, ఊళ్ళో ఇంకెవరికీ తెలుగు టైపు రాదు. "కాలేజీలో ఓ గంట కూర్చుని కొట్టి పెట్టమ్మా, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలేరు. కొట్టి పెట్టేను. నన్ను నేనే 'అనుభవం లేని కొందరు యువతులు' అని టైపు చేసుకున్నాను. బదులుగా ఆయన నా ప్రసంగం కాగితాలు తీసుకుని ఎర్ర సిరాతో దిద్ది పెట్టేరు. "పితృస్వామ్యంలో 'తృ' రాయడం రాదు గానీ దాన్ని కూలగొడతావా?" అన్నారు. అత్తయ్య వంటింట్లోంచి, "ఉద్యమాలు రెండూ పక్కనబెట్టి భోజనానికి రండి, పులస కాదు గదా అని చల్లారబెట్టకండి" అని కేకేసేది. మేం ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకరి చేపలోంచి ఒకరు ముళ్ళు తీసిపెట్టుకుంటూ, వాదించుకునేవాళ్ళం.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఊళ్ళో కమ్యూనిటీ హాలు ఒక్కటే. ఆ ఏడు సర్పంచి పదవి ఆడవాళ్ళకి కేటాయించేరు. గెలిచింది ఒకావిడ, ఊరంతా 'ప్రెసిడెంటు గారు' అని పిలిచేది మాత్రం ఆవిడ భర్తని. హాలు కావాలని మావయ్య ఆయన్నడిగితే, "ఆయ్, తప్పకుండా మాస్టారండి" అన్నాడాయన. నేనడిగితే, "ఆయ్, మీకు కాకపోతే ఎవరికండి" అన్నాడు. అలా ఆదివారం సాయంత్రం రెండు మీటింగుల వాళ్ళూ ఒకే హాలు ముందు తేలేం. తాళం ఆ సర్పంచి గారి చేతిలో ఉంది. ఆవిడ మా ఇద్దరివంకా చూసి, "ఒకే హాలు, ఒకే మైకు. ఇద్దరూ చెప్పుకోండి, వినేవాళ్ళు ఎలాగూ వాళ్ళే" అని తలుపు తీసేరు.

మొదట నేను. అద్దం ముందు వారం రోజులు సాధన చేసిన ప్రసంగం. "తరతరాలుగా పితృస్వామ్యం మనల్ని ఎదగనివ్వడం లేదు. మన చదువుల్ని, మన ఓటుని, మన చేతిలో ఫోనుని కూడా పితృస్వామ్యమే శాసిస్తోంది!" అని గొంతు పెంచేను. చప్పట్లు లేవు. ముందు వరసలో తమలపాకు నములుతున్న ఒక మామ్మగారు పక్కావిడతో గట్టిగానే అన్నారు: "ఎవరే ఆ పితృస్వామి? మన ఊరోడు కాదు గదా?"

"ఎవడైతేనేం, అంత అన్యాయం చేస్తుంటే పోలీసులకి చెప్పొద్దూ!" అంది పక్కావిడ.

హాలంతా గొల్లుమంది. మావయ్య కూడా నవ్వు ఆపుకోలేక కండువా నోటికడ్డం పెట్టుకున్నారు. తరవాత పేజీలో ఏముందో మరిచిపోయేను. ఏదో ముగించి దిగిపోయేను.

తరవాత ఆయన లేచేరు. ముప్ఫై ఏళ్ళు బడి అసెంబ్లీలో మాట్లాడిన మనిషి, మైకు కూడా అక్కర్లేదు. తన గోడ సంగతి చెప్పేరు, తన తల్లి సంగతి చెప్పేరు. "మా అమ్మ ఏ పోస్టరూ అంటించలేదు, ఇల్లిల్లూ తిరిగింది" అన్నప్పుడు చప్పట్లు మోగేయి. అందులో ఎక్కువ ఆడవాళ్ళవే. నిజం చెప్పొద్దూ, నేను కూడా కొట్టబోయి ఆగేను. అంతా అయ్యేక ఆయన పెద్దమనిషి తరహాలో, "చివరిగా మన ప్రెసిడెంటు గారు రెండు మాటలు చెబుతారు" అని సర్పంచి గారి భర్త వైపు చెయ్యి చూపించేరు.

ఆయన లేవబోతుంటే, వెనక గోడకానుకుని నిలబడ్డ ఆవిడ ముందుకొచ్చేరు. ఆవిడ చేతిలో ఇంకా ఆ హాలు తాళం అలాగే ఉంది.

"మాస్టారండీ, నాకు ప్రసంగాలు రావండి. ఒక్కటే అడుగుతాను. మీరు నాకు ఏడో తరగతి చెప్పేరు. ఆ రోజుల్లో ఎవరి పేరైనా తప్పుగా పిలిస్తే ఊరుకునేవారు కాదు. ఓట్లు వేసింది నాకండి. మా ఆయన్ని ప్రెసిడెంటు గారంటారు, నన్ను 'ఏవమ్మా' అంటారు. ఎందుకండీ?"

ఆవిడ భర్త చెప్పులు వెతుక్కుంటున్నట్టు కిందకి వంగేడు. మావయ్య మొహం వంక చూశాను. జీవితమంతా ఎదుటివాళ్ళ తప్పులు ఎర్ర సిరాతో చుట్టిన మనిషి. తన తప్పు కనబడితే మాత్రం దాటేస్తారా అని చూశాను. దాటెయ్యలేదు. చేతులు జోడించేరు.

"తప్పేనమ్మా... తప్పేనండి, ప్రెసిడెంటు గారూ. కూర్చోండి." అని తన కుర్చీ ఆవిడకిచ్చేరు. అంతటితో ఆగితే నా ఉద్యమం గెలిచినట్టే. ఆయన వెంటనే మళ్ళీ జనం వైపు తిరిగి, "ప్రెసిడెంటు గారి విషయంలో నాది తప్పు. బుల్లి విషయంలో మాత్రం నాదే ఒప్పు. దానికి టీచర్ ట్రైనింగే" అన్నారు.

"కాదు, కంప్యూటర్ డిప్లొమా!" అని నేను కూర్చున్నచోటు నుంచే అరిచేను.

అప్పుడు ప్రెసిడెంటు గారు కుర్చీలో సర్దుకుని, "మరి ఆ పిల్లేమంటోందండీ?" అన్నారు.

నేనూ మావయ్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇన్నాళ్ళ వాదనలో ఆ ప్రశ్న ఎవరికీ రాలేదు. బుల్లి కిటికీ పక్కన అత్తయ్య దగ్గర కూర్చుని ఉంది. అందరూ తన వైపు తిరిగేసరికి చెవులు ఎర్రబడ్డాయి. లేచి నిలబడి, "నాకు ఫిషరీస్ డిప్లొమా చెయ్యాలనుందండి" అంది.

"ఏంటీ?" అన్నారు మావయ్య.

"చేపలు, రొయ్యలు, నాన్నా. మా క్లాసు పద్మ వాళ్ళకి అల్లవరంలో చెరువు ఉంది కదా. మొన్న శీతాకాలంలో పొద్దుటికల్లా రొయ్యలన్నీ తేలిపోయేయి. వాళ్ళ నాన్న గట్టు మీద కూర్చుని ఏడ్చేడు. నీళ్ళలో ఏం తేడా వచ్చిందో చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు. ఎవరో మందు వల్లంటారు, ఇంకెవరో గాలి చాలకంటారు. నాకది తెలుసుకోవాలనుంది. దానికి చదువుందట. పదో తరగతి చాలట."

"రొయ్యల చెరువు గట్ల మీదా! ఆడపిల్లా!" అన్నారు మావయ్య.

ఆ మాటకి నేను ఆయన మీద విరుచుకుపడాలి. వారం రోజులు సాధన చేసింది అందుకే. కానీ నా నోట్లోంచి, నేను ఆపేలోపే, ఇలా వచ్చింది: "అవునే బుల్లీ, ఎండలో నల్లగా అయిపోతావే! ఆ బురద, ఆ మగ కూలీలు... హాయిగా ఏసీ గదిలో కూర్చునే పని చూసుకోక!"

బుల్లి నా వంక అదోలా చూసింది. "వదినా, మీరు ఏ పార్టీ?" అంది.

హాల్లో లేచిన నవ్వు ఎంతసేపు సాగిందో చెప్పలేను. అందరికంటే ఎక్కువ నవ్వింది తమలపాకు మామ్మగారు. నాకు ఆవిడ మొహం చూసే ధైర్యం లేక, కిటికీలోంచి కాలవలో బాతుల్ని చూస్తూ నిలబడ్డాను. మావయ్య మాత్రం నా పక్కకొచ్చి, భుజం తట్టి, "మొదటిసారి మన ఇద్దరికీ ఒకే అభిప్రాయం కుదిరింది, అదీ తప్పే అనుకుంటా" అన్నారు.

ఇంటికెళ్ళేక మూడు రోజులు ఎవరూ ఆ మాట ఎత్తలేదు. నాలుగో రోజు అత్తయ్య స్కూల్లో సెలవు పెట్టి, బుల్లిని వెంటబెట్టుకుని, ఆ డిప్లొమా సంగతులు కనుక్కోవడానికి వెళ్ళొచ్చింది. వచ్చి, కాళ్ళు కడుక్కుని, "హాస్టలు శుభ్రంగా ఉంది. వార్డెన్ గారు మీ స్టూడెంటేనట" అని మావయ్యకి చెప్పి, గిన్నెలు తోముకోవడానికి వెళ్ళిపోయింది. ఆవిడ అంతవరకు ఎవరి మీటింగులోనూ నోరు విప్పలేదని అప్పుడు గమనించేను. మావయ్య కాసేపు పేపరు తిరగేసి, "స్టూడెంటు ఎవరోయ్, ఏ బ్యాచి?" అని వంటింట్లోకి నడిచేరు. అలా ఒప్పేసుకున్నారు. ఒప్పుకున్నానని మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు బుల్లి సొంతంగా నీటి పరీక్షల ల్యాబు నడుపుతోంది. తెల్లవారకముందే రైతులు ఫోన్లు. గట్ల మీద స్కూటీ, మోకాళ్ళ దాకా బూట్లు, నిజంగానే కాస్త నల్లబడింది. అది దానికేం పట్టదు. మావయ్య పెద్దవారైపోయేరు. ఎవరైనా ఇంటికొస్తే మీ అమ్మాయి టీచరా అండీ అని అడుగుతారని కాచుకుని కూర్చుంటారు, కాదని చెప్పడానికి. ఆయన వ్యతిరేకత మాత్రం పోలేదు. ఈమధ్య ఫోను చేసి, ఆడపిల్లల డ్రోన్ శిక్షణ గురించి పేపర్లో చూశానని, అది శుద్ధ దండగని, అరగంట చెప్పేరు. నేను హాయిగా విన్నాను.

ఇప్పటికీ మా కాలేజీలో అలాంటి కార్యక్రమాలకి నన్నే ముందు పెడతారు. మొన్న మహిళా దినోత్సవానికి ఫస్టియర్ అమ్మాయిలందరినీ హాల్లో కూర్చోబెట్టేరు. నాకు ముందు మాట్లాడినవాళ్ళు బాగా సాగదీశారు. నా వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. చేతిలో చక్కగా రాసుకున్న ప్రసంగం ఉంది. ఎందుకో దాన్ని తెరవకుండా, "మీలో ఎవరికైనా ఏదైనా చెప్పాలనుందా?" అని అడిగేను. చివరికి రెండో వరసలో ఒక అమ్మాయి బ్యాగు గుండెలకి హత్తుకుని లేచింది.

"మేడమ్, అంతర్వేది బస్సు వెళ్ళిపోతుందండి. మళ్ళీ గంట దాకా లేదండి."

ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో అయితే ఆ పిల్లకి స్వేచ్ఛ గురించి ఇంకో అరగంట చెప్పి ఉండేదాన్ని. "వెళ్ళండమ్మా, వెళ్ళండి" అన్నాను. ఒక్కసారిగా కుర్చీలన్నీ గలగలమన్నాయి. ఖాళీ హాల్లో నిలబడి, కిటికీలోంచి, దుపట్టాలు ఎగురుతుంటే వాళ్ళు బస్సు వెనకాల పరిగెత్తి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని లాక్కుని, అందరూ ఎక్కేదాకా చూశాను. నాకు తెలిసినంతలో, నా ప్రసంగాలన్నిటిలోకీ అన్ని చప్పట్లు పడ్డది ఆ 'వెళ్ళండమ్మా, వెళ్ళండి'కే.