ఆంటీ పెట్టిన ఆదరణ కూడిక

కెనడాలోని మిల్టన్‌లో మా పక్కింట్లో ఉండిన ఆంటీ రిమోట్ ఎత్తితే 401 హైవే మీద లారీలు కూడా ఆగిపోయేవని నా నమ్మకం. ఏ సినిమానైనా ముప్ఫైసార్లు ఆపనిదే ఆవిడ చూసేవారు కారు.

ప్రేమించినవాడు వదిలేశాక, మా ఇంట్లో ఉండే మేనకోడలు నాలుగు రోజులు అన్నం ముట్టలేదు, నోరు విప్పలేదు. మనిషి పోయిన ఇంట్లో చర్చివాళ్లు పెట్టే ఆదరణ కూడికను, ప్రేమ పోయినందుకు ఆంటీ మా హాల్లో పెట్టేశారు. ఒంటారియో అంతటికీ సరిపోయే పులావు తెచ్చి, చిన్న ప్రార్థన చేసి, ప్రసంగానికి బదులు బ్రేకప్ కామెడీ సినిమా వేశారు.

“ఇదేం కూడికండీ?” అన్నాను.

“మీరు కూర్చోండి బాబూ. నవ్వొస్తే నవ్వండి, లేకపోతే కళ్లు మూసుకోండి.”

తెర మీద హీరోయిన్, తనను వదిలేసినవాడి ఇంటికి వానలో పరుగెత్తింది. ఆంటీ టక్కున ఆపారు. ఒక కాలు గాల్లో పెట్టుకుని ఆమె ఒక యుగంపాటు అలాగే నిలబడింది.

“వెళ్లనిమ్మంటావా అమ్మా?” అని మేనకోడలిని అడిగారు.

అది పెదవి కదిపింది. “వద్దాంటీ. వెనక్కొచ్చేయమనండి. పాపం, ఏమన్నా తిన్నదో లేదో.”

ఆంటీ పులావు వడ్డించి, ప్లేటు దాని ఒళ్లో పెట్టారు. రెండో ముద్దకి కారం ఎక్కువైందంది. ఆ వారం మా ఇంట్లో అంత మంచి మాట ఇంకెవరూ అనలేదు.